సందేహాలు – సమాధానాలు: డిక్లరేటివ్ తెరలో సొంత గీత

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదింటిని ఒకచోట చేర్చాం. రాసినవారి పనిముట్లు వేరు, ఊళ్లు వేరు, కానీ చిక్కు మాత్రం ఒకటే. ఫ్లట్టర్, జెట్‌ప్యాక్ కంపోజ్, స్విఫ్ట్‌యూఐ, క్యూఎంఎల్ వంటి పనిముట్లతో, ఏం కనబడాలో మాత్రమే చెప్పే డిక్లరేటివ్ పద్ధతిలో తెరంతా కట్టుకున్నాక, నడుమ ఒక ముక్కను మాత్రం తామే గీయాలనుకున్నారు. అక్కడే కథ అడ్డం తిరిగింది.

ప్రశ్న: అయ్యా, కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లల కోసం ఫ్లట్టర్‌లో యాప్ చేస్తున్నాను. పిల్ల పాడుతుంటే మైకు నుంచి వచ్చే నాదం ఎత్తును లెక్కకట్టి, పన్నెండు స్వరస్థానాల అడ్డగీతల మీద కదిలే గీతగా చూపాలి. సెకనుకు నూరు విలువలు వస్తాయి, తెర మీద పది సెకన్ల పాట కనబడుతుంది. తోడి రాగంలో గాంధారాన్ని ఊగించినప్పుడు గీత ఆగి ఆగి గెంతుతోంది, పావుగంటకే ఫోను వేడెక్కుతోంది. గీసే పని మరీ ఎక్కువైందనీ, జీపీయూ (బొమ్మలు గీసే చిప్) చేత నేరుగా గీయించే ఓపెన్‌జీఎల్‌కు మారమనీ మిత్రులు అంటున్నారు. మారాలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయవాడ

జవాబు: మారనక్కరలేదు. మీరు చెప్పిన లెక్క ప్రకారమే తెర మీద ఉండేది వెయ్యి చుక్కలు. ఈ కాలపు ఫోనుకు వెయ్యి చుక్కలను కలిపి గీయడం లెక్కలోకి రాని పని. భారం గీయడంలో లేదు, గీయమని చెప్పడానికి మీరు ఎంచుకున్న దారిలో ఉంది. మీరు పంపిన నమూనాలో కొత్త విలువ వచ్చిన ప్రతిసారీ పేజీ పైస్థాయిలో సెట్‌స్టేట్ (మళ్లీ కట్టమని చెప్పే ఫంక్షన్) పిలుస్తున్నారు. దాంతో శ్రుతి ఎంచుకునే మీటలు, తాళం పేరు, పాఠాల జాబితా, కింది పట్టీ, ఇలా ఏ మార్పూ లేని విడ్జెట్లన్నీ, అంటే తెరలోని ముక్కలన్నీ, ప్రతి ఫ్రేములోనూ మళ్లీ కట్టబడుతున్నాయి. తెర సెకనుకు 60 సార్లు మారేదైతే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.67 మిల్లీసెకన్లు, 120 సార్లు మారేదైతే అందులో సగం, 8.33 మాత్రమే. ఆ కొద్ది సమయంలో ఇంత కట్టుబడి పని జరగాలి, ఆపైన మీ గీత.

డిక్లరేటివ్ పద్ధతి అంటే వంటమేస్త్రికి వడ్డించవలసిన పదార్థాల పట్టిక ఇచ్చి మనం పొయ్యి దగ్గరికి వెళ్లకుండా ఉండడం. ఏం కనబడాలో మనం చెబుతాం. ఎప్పుడు, ఎంతమేరకు మార్చాలో ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది. మీటలకూ జాబితాలకూ ఈ ఏర్పాటు ఎంతో హాయి. కదిలే గీతకు మాత్రం ఆ "ఎప్పుడు" అన్నది మన చేతిలో ఉండాలి. కాబట్టి ప్రతి ఫ్రేములోనూ మారే విలువ విడ్జెట్ల చెట్టు గుండా ప్రయాణించకూడదు. ఈ ఒక్క నియమాన్ని పట్టుకుంటే మీ కష్టాల్లో చాలా భాగం తీరుతుంది.

ఫ్లట్టర్‌లో దీనికి దారి ముందే వేసి ఉంది. ఒక ఫ్రేము తయారయ్యేటప్పుడు మొదట బిల్డ్ (విడ్జెట్లను కట్టడం), తరువాత లేఅవుట్ (కొలతలూ చోట్లూ తేల్చడం), ఆ తరువాత పెయింట్ (గీయడం) అనే మూడు దశలు నడుస్తాయి. సొంత గీతలు గీసే కస్టమ్‌పెయింటర్ నిర్మాణంలో రీపెయింట్ అనే పేరుతో, మార్పును కబురు చేసే ఒక లిజనబుల్‌ను ఇవ్వవచ్చు. ఆ లిజనబుల్ కబురు చేసినప్పుడు మొదటి రెండు దశలనూ ముట్టుకోకుండా నేరుగా పెయింట్ దశ మాత్రమే జరుగుతుంది. మీ స్వరం విలువలను ఒక ఛేంజ్‌నోటిఫయర్‌లో (అదీ ఒక లిజనబులే) ఉంచి, దాన్నే రీపెయింట్‌గా ఇవ్వండి, సెట్‌స్టేట్‌ను తీసేయండి. సెకనుకు నూరుసార్లు కబురు చేసినా ఒక ఫ్రేములో గీత ఒక్కసారే గీయబడుతుంది గనుక ఆ లెక్క గురించి కలవరపడవలసింది లేదు.

ఇక్కడ రెండు గోతులున్నాయి, రెంటిలోనూ నేను పడినవాణ్ణే. మొదటిది: ఛేంజ్‌నోటిఫయర్‌కు బదులు వాల్యూనోటిఫయర్ వాడి, అందులోని జాబితాకే కొత్త చుక్కను చేర్చుతూ పోతే కబురు వెళ్లదు. జాబితా అదే వస్తువు గనుక విలువ మారలేదని అది భావిస్తుంది. రెండవది, మళ్లీ గీయాలా వద్దా అని తేల్చే షుడ్‌రీపెయింట్‌లో ఉంటుంది. పాత పెయింటర్ జాబితానూ కొత్త పెయింటర్ జాబితానూ పోల్చి చూస్తాం. రెండు చేతుల్లోనూ ఉన్నది ఒకే జాబితా కాబట్టి పోలిక ఎప్పుడూ సమానమనే వస్తుంది, తెర నిలిచిపోతుంది. అప్పుడు విసుగెత్తి ఎప్పుడూ ట్రూ అని రాసేస్తాం. రీపెయింట్ లిజనబుల్ ఉన్నప్పుడు షుడ్‌రీపెయింట్ పని చాలా చిన్నది: రంగు, ఆధారశ్రుతి, లిజనబుల్ వంటివి పెయింటర్ మారినప్పుడు తామూ మారాయా అని మాత్రమే అది చూడాలి.

తరువాతి సంగతి, అడ్డగీతలు. పన్నెండు స్వరస్థానాల గీతలూ, వాటి పక్కన స, రి, గ అక్షరాలూ పాట సాగుతున్నంతసేపూ కదలవు. వాటిని కదిలే గీతతో కలిపి ఒకే పెయింటర్‌లో గీయకండి. రెండు కస్టమ్‌పెయింట్‌లు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కొక్కదానికి ఒక్కో రీపెయింట్‌బౌండరీ (దాన్ని విడి పొరగా చేసే విడ్జెట్) చుట్టండి. అలా చుట్టకపోతే ఒకే పొరను పంచుకున్న పొరుగు విడ్జెట్లు కూడా గీతతోపాటు మళ్లీ గీయబడతాయి. అయితే ఇది మంచిదని తెలిశాక ప్రతి మీటకూ ఒక రీపెయింట్‌బౌండరీ తొడిగేవారిని చూశాను. పొర అన్నాక దానికీ ఖర్చుంది. కదిలేదాన్ని కదలనిదాని నుంచి వేరుచేసే చోట తప్ప అది దండగ.

పెయింట్ లోపల ప్రతిసారీ కొత్త పెయింట్ వస్తువునూ కొత్త జాబితానూ పుట్టించడం మానండి. వెయ్యి చుక్కలకూ రెండువేల సంఖ్యలు పట్టే ఫ్లోట్32లిస్ట్ ఒకదాన్ని మొదట్లోనే తీసుకొని, దాన్నే తిరిగి తిరిగి నింపుతూ డ్రారాపాయింట్స్‌కు ఇవ్వండి. నిలువు కొలతను హెర్ట్జ్‌లలో కాక సెంట్లలో పెట్టారని ఆశిస్తాను. స్థాయికి 1200 సెంట్లు, స్వరస్థానానికి స్వరస్థానానికి నడుమ 100 అనుకుంటే అడ్డగీతలు సమదూరంలో పడతాయి, మంద్రంలోని గమకమూ తారలోని గమకమూ ఒకే వెడల్పులో కనబడతాయి.

ఇవన్నీ చేసేముందు ఒక పరీక్ష చేయండి. ఫోనులో ప్రొఫైల్ మోడ్‌లో నడిపి, డెవ్‌టూల్స్‌లో ఫ్రేముల పట్టీ చూడండి. డీబగ్ మోడ్‌లో కనబడే ఆలస్యాన్ని నమ్మకండి. ఒక్కో ఫ్రేముకు యూఐ గీత ఒకటి, రాస్టర్ (జీపీయూ చేత గీయించే పని) గీత ఒకటి కనబడతాయి. యూఐ గీత పొడవుగా ఉంటే తప్పు చెట్టు కట్టడంలోనో, మీ డార్ట్ (ఫ్లట్టర్ భాష) లెక్కల్లోనో ఉంది. రాస్టర్ గీత పొడవుగా ఉంటేనే గీయడం భారమని అర్థం. స్వరం ఎత్తును కనిపెట్టే లెక్క కూడా ప్రధాన ఐసోలేట్‌లోనే (డార్ట్ కోడు విడిగా నడిచే దారి) సాగుతుంటే దాన్ని వేరే ఐసోలేట్‌కు పంపండి. మిత్రుల సలహా పాటించవలసిన రోజు కూడా రావచ్చు. త్రీడీ ఇంజిన్‌నో కెమెరా దృశ్యాన్నో చూపాలంటే టెక్స్చర్ అనే విడ్జెట్ ఉంది. చెట్టుకు తెలిసేది ఒక పూర్ణాంకం మాత్రమే. ఆ అంకె వెనక ఫ్రేములు ఎంత వేగంగా వచ్చిపడుతున్నా బిల్డ్ దశకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ప్రశ్న: మాది నగల దుకాణాలకు యాప్‌లు చేసే చిన్న సంస్థ. జెట్‌ప్యాక్ కంపోజ్‌లో లేజీకాలమ్ (పైకీ కిందికీ జరిపే జాబితా) వేసి, ఒక్కో కార్డులో ఒక హారాన్ని త్రీడీలో తిప్పి చూపుతున్నాం. దానికోసం ఆండ్రాయిడ్‌వ్యూలో, ఓపెన్‌జీఎల్‌తో గీసే జీఎల్‌సర్ఫేస్‌వ్యూ పెట్టాం. కార్డు మూలలు గుండ్రంగా రమ్మని క్లిప్ (అంచుల కత్తిరింపు) పెట్టినా హారం చుట్టూ మూలలు చతురస్రంగానే ఉంటున్నాయి. కిందికి జరిపి మళ్లీ పైకి వస్తే కార్డు నల్లగా మెరిసి తరువాత హారం వస్తోంది. ఏం చేయాలి?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ కార్డులో ఉన్నది నిజానికి ఒక కన్నం. జీఎల్‌సర్ఫేస్‌వ్యూ కూడా ఒక సర్ఫేస్‌వ్యూయే, సర్ఫేస్‌వ్యూ తన బొమ్మను మీ యాప్ కిటికీలో గీయదు. దానికి వేరే సర్ఫేస్ (బొమ్మ గీసే పలక) ఉంటుంది, అది మీ కిటికీకి వెనక నిలబడి ఉంటుంది. మీ కిటికీలో ఆ మేరకు కన్నం పెట్టి, వెనకున్నదాన్ని కనబడనిస్తారు. రెంటినీ కలిపేది వ్యవస్థలోని సర్ఫేస్‌ఫ్లింగర్. అందుకే కంపోజ్ చెప్పే క్లిప్, తిప్పడం వంటివి ఆ బొమ్మకు తగలవు. ఈ ఏర్పాటులో లాభం కూడా తక్కువది కాదు: బొమ్మ నేరుగా తెరకు చేరుతుంది, నడుమ ఇంకోసారి నకలు తీయవలసిన పని లేదు, బ్యాటరీ కలిసివస్తుంది. ఆండ్రాయిడ్ 7.0కు ముందు జరుపుతున్నప్పుడు కన్నం ఒకచోట, బొమ్మ మరోచోట కనబడేవి. ఆ వెర్షన్ నుంచి రెండూ కలిసి కదులుతున్నాయి.

క్లిప్ తప్పనిసరి అనుకుంటే టెక్స్చర్‌వ్యూకు మారవచ్చు. అది మామూలు వ్యూలాగే ప్రవర్తిస్తుంది, మూలలు గుండ్రమవుతాయి, వాలుతుంది, మసకబారుతుంది. బదులుగా ప్రతి ఫ్రేమునూ జీపీయూ మరోసారి పరచాలి. కంపోజ్ 1.6 నుంచి ఈ రెంటికీ సొంత పేర్లతో రెండు కంపోజబుల్స్ వచ్చాయి: సర్ఫేస్‌వ్యూ పద్ధతికి ఆండ్రాయిడ్‌ఎక్స్‌టర్నల్‌సర్ఫేస్, టెక్స్చర్‌వ్యూ పద్ధతికి ఆండ్రాయిడ్‌ఎంబెడెడ్‌ఎక్స్‌టర్నల్‌సర్ఫేస్. అయితే మీ అవసరానికి ఇంతకన్నా చవకైన ఉపాయం ఉంది. కంపోజ్ గీసేది సర్ఫేస్‌కు ముందు పొరలో గదా, కార్డు నాలుగు మూలల్లోనూ పేజీ రంగుతోనే చిన్న వంపు ముక్కలను పైన గీసేయండి. చూసేవారికి మూల గుండ్రంగానే ఉంటుంది. పేజీ నేపథ్యం ఒకే రంగైతే ఈ ఉపాయాన్ని ఎవరూ పసిగట్టలేరు.

నల్లటి మెరుపు మాత్రం ఇంత సులువుగా వదలదు, ఎందుకంటే తప్పు ఏర్పాటులోనే ఉంది. లేజీకాలమ్‌లో తెర దాటిపోయిన కార్డు తొలగించబడుతుంది; జీఎల్‌సర్ఫేస్‌వ్యూ కిటికీ నుంచి విడిపోగానే దాని గీత థ్రెడ్ ముగుస్తుంది, జీపీయూలో ఉన్న హారం నమూనా, టెక్స్చర్లు అన్నీ పోతాయి. కార్డు తిరిగి వచ్చినప్పుడు అవన్నీ మొదటినుంచీ ఎక్కాలి. కాబట్టి జాబితాలో ప్రతి హారాన్నీ తిప్పాలన్న కోరిక మానుకోవాలి. ప్రతి కార్డులోనూ ముందే తీసి ఉంచిన నిశ్చల చిత్రాన్ని పెట్టి, కొనేవారు ఒక హారాన్ని తాకినప్పుడు దానికే ఒక సజీవ సర్ఫేస్ తెరవండి. దుకాణంలో కూడా నగలన్నీ అద్దాల బీరువాలోనే ఉంటాయి. అడిగినదాన్నే బయటికి తీసి మఖమలు గుడ్డ మీద పెడతారు.

వేలితో తిప్పే కోణం గురించి కూడా ఒక మాట. ఆ కోణాన్ని కంపోజబుల్ శరీరంలో చదివితే వేలు కదిలిన ప్రతిసారీ అది మళ్లీ కంపోజ్ అవుతుంది. కోణం రెండరర్ (బొమ్మ గీసే కోడు) దగ్గరే ఉండనివ్వండి. వేలి కదలికను క్యూఈవెంట్ ద్వారా గీత థ్రెడ్‌కు పంపి, రిక్వెస్ట్‌రెండర్ పిలవండి. రెండర్‌మోడ్ వెన్‌డర్టీగా ఉంటే హారం కదలనప్పుడు గీత పని సున్నా. కంపోజ్‌కు తెలియవలసిందల్లా ఏ హారం తెరిచి ఉందన్నదే.

ప్రశ్న: స్విఫ్ట్‌యూఐలో యూఐవ్యూ‌రిప్రెజెంటబుల్ (స్విఫ్ట్‌యూఐ లోపల పాత పద్ధతి వ్యూను పెట్టే వంతెన) రాసి లోపల, ఆపిల్ మెటల్ గ్రాఫిక్స్‌తో గీసే ఎంటీకేవ్యూ పెట్టాను. మెటల్ రెండరర్ రాసిన ఉదాహరణ విడిగా బాగా నడిచింది, ఇక్కడ మాత్రం తెర ఖాళీగా ఉంది. ఎర్రర్ ఒక్కటీ లేదు.
– డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు

జవాబు: మేక్‌యూఐవ్యూలోనే రెండరర్‌ను పుట్టించి డెలిగేట్‌గా, అంటే గీసే బాధ్యత అప్పగించినదిగా, ఇచ్చి ఉంటారు. ఎంటీకేవ్యూ తన డెలిగేట్‌ను బలహీనంగానే పట్టుకుంటుంది. ఆ ఫంక్షన్ ముగియగానే రెండరర్‌ను పట్టుకున్నవారెవరూ లేక అది అంతరించిపోయింది. గీసే నాథుడు లేని వ్యూ మౌనంగా నిలబడింది. రెండరర్‌ను కోఆర్డినేటర్‌లో దాచండి. యూఐవ్యూ‌రిప్రెజెంటబుల్‌గా మీరు రాసే స్ట్రక్ట్ క్షణభంగురం, స్టేట్ మారినప్పుడల్లా కొత్తది పుడుతుంది. కోఆర్డినేటరూ అసలు వ్యూ మాత్రం నిలిచి ఉంటాయి. పైప్‌లైన్ తయారీ వంటి బరువైన పనిని అప్‌డేట్‌యూఐవ్యూలో పెట్టకండి, అక్కడ విలువలు అందించడం వరకే. వ్యూను ఇఫ్-ఎల్స్ రెండు కొమ్మల్లో విడివిడిగా రాసినా, ఐడీ మార్చినా స్విఫ్ట్‌యూఐ దాన్ని వేరే వ్యూగా భావించి అంతా మళ్లీ కడుతుంది. బొమ్మ నిరంతరం కదలనిదైతే ఈజ్‌పాజ్డ్, ఎనేబుల్‌సెట్‌నీడ్స్‌డిస్‌ప్లే రెంటినీ ట్రూ చేసి, అవసరమైనప్పుడే గీయించండి.

ప్రశ్న: క్యూఎంఎల్ వాడే క్యూటీ 5లో క్యూక్విక్‌ఫ్రేమ్‌బఫర్‌ఆబ్జెక్ట్‌తో కట్టిన మా డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌ను క్యూటీ 6కు మార్చాం. లైనక్స్‌లో సరిగ్గా ఉంది, విండోస్‌లో గ్రాఫు ఉండవలసిన చోట ఏమీ రావడం లేదు.
– విశాఖపట్నం నుంచి ఒక ఇంజినీరు

జవాబు: క్యూక్విక్‌ఫ్రేమ్‌బఫర్‌ఆబ్జెక్ట్ అనే ఆ క్లాస్ ఓపెన్‌జీఎల్‌తో మాత్రమే పనిచేస్తుంది. క్యూటీ 6లో క్యూఎంఎల్ దృశ్యాన్ని గీసే పద్ధతి మారి, విండోస్‌లో డైరెక్ట్‌త్రీడీ 11, మ్యాక్‌లో మెటల్ సహజ ఎంపికలయ్యాయి. మొదటి కిటికీ తెరవకముందే సెట్‌గ్రాఫిక్స్‌ఏపీఐతో ఓపెన్‌జీఎల్ కోరితే గ్రాఫు తిరిగి వస్తుంది. అది తాత్కాలికమే అనుకోండి. క్యూటీ 6.7లో వచ్చిన క్యూక్విక్‌ఆర్‌హెచ్‌ఐఐటమ్‌కు మారితే ఏ వేదిక మీదైనా ఒకే కోడు నడుస్తుంది. మారేటప్పుడు పాత క్రమశిక్షణను వదలకండి: గీత పని వేరే థ్రెడ్‌లో సాగుతుంది, సింక్రనైజ్ పిలుపు వచ్చినప్పుడు మాత్రమే ప్రధాన థ్రెడ్ ఆగి ఉంటుంది, క్యూఎంఎల్ విలువలను అప్పుడే నకలు చేసుకోవాలి. రెండర్ లోపలి నుంచి ఐటమ్ ప్రాపర్టీలను ముట్టుకుంటే వారంలో ఏ ఒక్కసారో కుప్పకూలే ప్రోగ్రామ్ చేతికి వస్తుంది.

ప్రశ్న: సర్, పిల్లల పటాల యాప్‌కు రెండరర్ నేనే రాశాను. ఇంగ్లీషు ఊళ్ల పేర్లు చక్కగా వస్తున్నాయి. తెలుగులో "రాష్ట్రం" అని రాస్తే ఒత్తులు విడిపోయి, పొల్లు గుర్తు పక్కన విడిగా నిలబడుతోంది. ఫాంటు తప్పా?
– బీటెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఫాంటు తప్పేమీ లేదమ్మా. మీరు యూనికోడ్ సంకేతానికొక బొమ్మ చొప్పున టెక్స్చర్‌లో పేర్చి, ఒకదాని పక్కన ఒకటి అతికిస్తున్నారు. ఇంగ్లీషుకు ఆ పద్ధతి చాలావరకు సాగుతుంది. తెలుగులో "స్త్రీ" అన్నది కంటికి ఒక అక్షరం, కంప్యూటరుకు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ చూసి, స మీదికి గుడిదీర్ఘం ఎక్కించి, తావత్తునూ రావత్తునూ ఏ బొమ్మలతో ఎక్కడ పెట్టాలో ఫాంటులోని నియమాల ప్రకారం తేల్చే పనిని షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్, ఫ్లట్టర్, క్యూటీ ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీనే వాడుతున్నాయి. మీరూ దాన్ని వాడవచ్చు. అప్పుడు టెక్స్చర్‌లోని బొమ్మలకు తాళంచెవి యూనికోడ్ సంకేతం కాకూడదు, హార్ఫ్‌బజ్ ఇచ్చే గ్లిఫ్ (ఫాంటులోని అక్షరరూపం) సంఖ్య కావాలి. ఒత్తులకు సొంత యూనికోడ్ సంకేతాలు లేవు గదా.

కానీ మిమ్మల్ని ఆ దారిలోకి పంపడం నాకు ఇష్టం లేదు. ఈ పని ఎంత సున్నితమో చెప్పడానికి 2018 ఫిబ్రవరి చాలు. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, దీర్ఘం అనే వరుస సందేశంలో వస్తే ఐఓఎస్ 11.2.5 నడిచే ఐఫోన్లలో ఆ సందేశాల యాప్ కుప్పకూలేది, 11.2.6లో సవరించారు. మన "జ్ఞా" ఆ వారం ప్రపంచమంతా వార్త అయింది. ఆపిల్ అంతటి సంస్థే తడబడిన చోట మనం సొంత అక్షరయంత్రం కట్టుకోవడం ఎందుకు?

పటాన్ని మీ రెండరర్ గీయనివ్వండి, పేర్లను ఫ్రేమ్‌వర్క్‌కు వదిలేయండి. పదో ఇరవయ్యో ఊళ్లయితే పటం పైపొరలో మామూలు టెక్స్ట్ విడ్జెట్లుగా పెట్టండి. దీనివల్ల చూపులేని పిల్లలకు టాక్‌బ్యాక్ ఆ పేర్లను చదివి వినిపించగలుగుతుంది. మీరు పిక్సెళ్లుగా గీసిన అక్షరాలు దానికి కేవలం రంగులు. వందల పేర్లు పటంతోపాటు జరగాలంటే, ఒక్కో పేరును ఫ్రేమ్‌వర్క్ చేతనే ఒకసారి చిత్రంగా గీయించి, ఆ చిత్రాన్ని టెక్స్చర్‌గా తీసుకొని జరుపుకోండి. ఫోను అక్షరాల పరిమాణం మారినప్పుడు వాటిని మళ్లీ గీయించడం మరవకండి. అంతా అయ్యాక "స్త్రీ", "రాష్ట్రం", "జ్ఞానం", "లక్ష్మి", "వైద్యం" అనే అయిదు మాటలను తెర మీద వేసి, ఇంట్లో పెద్దవారెవరికైనా చూపండి. వారు తడుముకోకుండా చదివితే పటం పిల్లల చేతికి ఇవ్వవచ్చు.